మెరిసే డయల్ చూసి డబ్బులు తియ్యకండి: పాత జపాన్ వాచీల మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన సంచికలో పాత సీకో, సిటిజన్ వాచీల గురించి చిన్న ముక్క వేశామో లేదో ఉత్తరాలు, వాట్సాప్ ఫోటోలు వచ్చి పడ్డాయి. సగానికి పైగా అడిగింది ఒకటే, "ఇది ఒరిజినలేనా, ఎంత పలుకుద్ది?" అని. అందరికీ జవాబివ్వడం కుదర్దు కాబట్టి పదిమందికి పనికొచ్చేవి ఏరి ఇక్కడ పెడుతున్నాం.

ప్రశ్న: మా బాపు 1981ల దుబాయ్ పోయి 84ల వాపస్ వచ్చిండు. వచ్చేటప్పుడు ఒక సీకో 5 ఆటోమేటిక్ తెచ్చుకున్నడు. ఆయన పోయినంక బీరువల పడున్నది, మొన్న తీసి ఊపితే నడుస్తున్నది. వారం కాడ ఇంగ్లీషు, దాని తర్వాత ఉర్దూ లెక్క ఏవో అక్షరాలు వస్తున్నయి. డయల్ మీద అక్కడక్కడ మచ్చలున్నయి, అద్దం మొత్తం గీతలే. మా ఊళ్లె వాచీల షాపాయన డయల్ కొత్తగ రంగు ఏపిస్త, కేసు బఫింగ్ కొట్టిస్త, కొత్తదాని లెక్క అయితది అంటున్నడు. చేపియ్యాల్నా? అసలు ఇది ఒరిజినలేనా, ధర ఎంతుంటది? (జగిత్యాల నుంచి)

జవాబు: అన్నా, ముందు ఆ షాపాయనకి ఫోన్ చేసి డయల్ జోలికి మాత్రం పోవద్దని చెప్పేయండి, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

మీరు ఉర్దూ అనుకుంటున్నది అరబ్బీ. గల్ఫ్ దేశాల్లో అమ్మే వాచీలకి సీకో వాళ్ళు వారం చక్రం ఇంగ్లీషు, అరబ్బీ రెండింట్లో వేసి పంపేవాళ్ళు. జపాన్‌లోనే అమ్మినవాటికి అయితే ఇంగ్లీషు, జపనీస్ ఉంటాయి. అంటే మీ బాపు అక్కడి దుకాణంలో కొన్నాడనడానికి ఆ చక్రమే సాక్ష్యం. ఎవరైనా రిపేరాయన "ఇది మనకెందుకు" అని తీసి వేరే చక్రం వేస్తానంటే ఒప్పుకోకండి.

ఇంక ఒరిజినలా కాదా అన్న సంగతి. మీరు పంపిన ఫోటోలో వెనక మూత మీద రెండు నంబర్లున్నాయి చూడండి. ఒకటి 7009 తో మొదలై మధ్యలో గీత పెట్టి ఇంకో నాలుగు అక్షరాలున్న కోడ్. ఆ 7009 అన్నది లోపలి మిషన్ నంబరు, గీత తర్వాతది కేసు, అంటే బయటి లోహపు గూడు, దాని మోడల్. రెండోది ఆరంకెల సీరియల్, మీది 3ఎన్ తో మొదలవుతోంది. సీకో సీరియల్‌లో మొదటి అంకె సంవత్సరం చివరి అంకె, రెండోది నెల. జనవరి నుంచి సెప్టెంబర్ దాకా 1 నుంచి 9, అక్టోబర్‌కి ఓ, నవంబర్‌కి ఎన్, డిసెంబర్‌కి డి. కాబట్టి మీది ఏదో ఒక దశాబ్దంలో మూడో సంవత్సరం, నవంబర్ నెల. 1973 అవ్వడానికి వీల్లేదు, ఎందుకంటే 7009 మిషన్ అప్పటికి ఇంకా రాలేదు. 1993 అవ్వడానికీ వీల్లేదు, మీ బాపు 84లోనే ఇంటికొచ్చేశారు. మిగిలింది 1983 నవంబర్. నంబరు చెప్పేది, ఇంట్లో చెప్పుకునే కథ రెండూ అతికాయి. కొనేవాళ్ళు వెతుక్కునేది సరిగ్గా ఇదే.

తర్వాత డయల్. ఆరు అంకె కింద, అద్దం అంచుకి ఆనుకుని చీమతలకాయంత అక్షరాల్లో ఒక లైను ఉంటుంది. మామూలు కంటికి కనపడదు, ఫోన్ కెమెరా జూమ్ చేసి చూడండి. అక్కడ కూడా మొదటి నాలుగంకెలు 7009 ఉండాలి. గీత తర్వాతవి మాత్రం వెనక మూత మీదవాటితో కలవాల్సిన పని లేదు, డయల్‌కి దాని నంబర్ దానికి వేరేగా ఉంటుంది, చాలామంది ఇది తెలీక మంచి వాచీని డూప్లికేట్ అని అమ్మేసుకుంటున్నారు. ఆ లైను చివర ఆర్ అని ఉంటే రేడియం పూత లేని డయల్, టి అని ఉంటే పూత ఉన్నది. (మనవాళ్ళు చీకట్లో మెరిసే ప్రతిదాన్నీ రేడియం అంటారు గానీ ఆ రోజుల్లో సీకో వాడింది అసలు రేడియం కాదు, భయపడకండి.) ఆర్ అని రాసున్న డయల్ మీద ఆకుపచ్చగా మెరిసే చుక్కలు కనపడితే ఎవరో తర్వాత పెట్టారని అర్థం. మీ ఫోటోలో ఆ లైను మొత్తం కనిపిస్తోంది, మచ్చలున్నా అక్షరాలు చెక్కుచెదరలేదు. మీది ఒరిజినల్ డయల్.

అందుకే రంగు వద్దు అన్నది. ఆ షాపాయన డయల్ మీద పాత రంగు మొత్తం గీకేసి, కొత్త రంగు కొట్టి, సీకో అన్న పేరు మళ్ళీ అచ్చు వేయిస్తాడు, ఆ చిన్న లైను ఇంక తిరిగి రాదు. మచ్చలున్న ఒరిజినల్ డయల్‌కి ఉన్న విలువ తళతళలాడే రీపెయింట్‌కి ఎప్పుడూ రాదు. బఫింగ్ సంగతీ అంతే. కేసు పైన సన్నటి గీతల ఫినిషింగు, పక్కన అద్దంలాంటి పాలిష్, రెండూ కలిసే చోట పదునైన అంచు ఉంటుంది. బఫింగ్ చక్రం మీద పెట్టగానే ఆ అంచు పోయి వాచీ వాడేసిన సబ్బుబిళ్లలా తయారవుతుంది. పోయిన లోహాన్ని తిరిగి తేలేం కదా.

చేయించాల్సింది సర్వీసింగ్ ఒక్కటే. ఇన్నేళ్ళు బీరువాలో ఉన్నదాంట్లో నూనె ఎండిపోయి ఉంటుంది, ఊపితే నడుస్తోంది కదా అని అలాగే రోజూ పెట్టుకుంటే పళ్ళచక్రాల ఇరుసులు అరుగుతాయి. మొత్తం విప్పి, కడిగి, నూనె వేసి, వెనక మూత రబ్బరు రింగు మార్చమనండి. అద్దం మార్చుకోవచ్చు, అది తప్పేం కాదు, అయితే పాత అద్దం, తీసిన ప్రతి చిన్న ముక్కా ఒక కవర్లో వేసి మీకు తిరిగివ్వమని ముందే చెప్పండి.

ధర అంటారా, ఉన్నమాట చెప్పాలంటే ఈ మోడల్ కుప్పలు తెప్పలుగా తయారైంది, మంచి సర్వీసింగ్ చేయిస్తే ఆ ఖర్చే వాచీ ధర దాటిపోవచ్చు. బయట అమ్ముకుంటే మీకు మిగిలేదేం లేదు. మీ బాపు చేతికి పెట్టుకున్న వాచీ కాబట్టి మీరే పెట్టుకోండి.

ప్రశ్న: నేను బీటెక్ చదువుతున్నా. ఆన్‌లైన్‌లో "వింటేజ్ సీకో 5, రీస్టోర్డ్, 1970 మోడల్" అని రెండు వేల లోపే వస్తున్నాయి, నారింజ, నెమలి నీలం, ఒకటైతే డయల్ మీద జెండా బొమ్మ కూడా ఉంది. ఫోటోల్లో కొత్త వాచీలా మెరిసిపోతున్నాయి. కొనొచ్చా? (విజయవాడ నుంచి)

జవాబు: తమ్ముడూ, వీటికి ప్రపంచమంతా పెట్టిన పేరు "ముంబై స్పెషల్". విదేశాల్లో వాచీలు సేకరించేవాళ్ళు మన దేశం నుంచి వచ్చే సీకో అంటేనే అనుమానంగా చూడ్డానికి ఈ సరుకే కారణం, అందులో నిజాయితీగా అమ్మేవాళ్ళు కూడా కొట్టుకుపోతున్నారు పాపం.

ఎట్లా తయారవుద్దంటే, పాడైపోయిన సీకోలు బస్తాల లెక్కన కొంటారు. ఒకదాంట్లో మిషన్ బాగుంటే తీస్తారు, ఇంకోదాంట్లో కేసు తీస్తారు, డయల్ మాత్రం గీకి కొత్త రంగు కొడతారు. అసలు మజా ఎక్కడుందంటే డయల్ కింద రెండు సన్నటి కాళ్ళుంటాయి, అవి మిషన్‌లో ఉండే రెండు బెజ్జాల్లో దిగి డయల్ని కదలకుండా పట్టుకుంటాయి. ఒక మిషన్ డయల్ ఇంకో మిషన్‌కి వెయ్యాలంటే ఆ కాళ్ళు సరిపోవు కాబట్టి కత్తిరించేసి జిగురో, రెండు వైపులా అంటుకునే టేపో పెట్టి అంటిస్తారు. ఆర్నెల్లకి ఎండలో ఆ జిగురు జారితే డయల్ పక్కకి ఒరుగుద్ది, తేదీ సగం కిటికీలో సగం బయట. కావాలంటే ఆ ఫోటోలు మళ్ళీ తీసి చూడు, తేదీ అంకె కిటికీలో మధ్యలో ఉందా, ఓ పక్కకి నక్కిందా?

ఇంకొన్ని చూడాల్సినవి చెప్తా. ఆ కిటికీ చుట్టూ అంచు చూడు, ఒరిజినల్‌కి కోసినట్టు పదునుగా ఉంటుంది లేదా లోహపు ఫ్రేము ఉంటుంది, రీపెయింట్‌కి రంగు ముద్దకట్టి మూలలు గుండ్రంగా అయిపోతాయి. అంకెల స్థానంలో ఉండే లోహపు గీతల మొదట్లో రంగు పాకి ఉంటే అదీ గుర్తే. నిమిషాల ముల్లు చివర నిమిషాల గీతల దాకా చేరాలి, మధ్యలోనే ఆగిపోతే వేరే వాచీది తెచ్చి పెట్టినట్టు. సీకో అన్న అక్షరాలు ఫోన్‌లో పెద్దవి చేసి చూస్తే ఒరిజినల్‌వి దళసరిగా, సూటిగా ఉంటాయి, ముంబై సరుకులో వణుకుతుంటాయి, చాలాసార్లు పేరే వంకరగా ఉంటుంది. డయల్ మీద 21 జువెల్స్ (ఇరుసులు అరగకుండా లోపల పెట్టే రాళ్ళు) అని ఉండి, లోపల మిషన్ మీద 17 అని చెక్కి ఉంటే ఇంక మాట్లాడేదేముంది. లోపలి ఫోటో పంపమని అడుగు, సీకో మిషన్ అయితే దాని నంబర్ మిషన్ మీదే ఉంటుంది, మూత మీద, డయల్ మీద, మిషన్ మీద మొదటి నాలుగంకెలు మూడూ ఒకటే కావాలి. అడిగితే పంపని వాడి దగ్గర కొనొద్దు.

ఇంకో తేలికైన లెక్క ఉంది. అసలు సీకో వాళ్ళు ఆ జెండా డయల్ ఎప్పుడైనా చేశారా అని చూసుకో. సీకో 5 అన్నది 1963లో స్పోర్ట్స్‌మాటిక్ 5 పేరుతో మొదలైంది, ఆటోమేటిక్, ఒకే కిటికీలో వారం తేదీ, నీటికి తట్టుకోవడం, నాలుగు అంకె దగ్గర లోపలికి నొక్కుకున్న కిరీటం (టైం సరిచేసే బొడిపె), గట్టి కేసు బెల్టు, ఈ అయిదూ ఇస్తామని ఆ పేరు. తర్వాత వందల మోడళ్ళొచ్చాయి, వాటిల్లో ఎర్రవి, ఆకుపచ్చవి, ఊదావి నిజంగానే ఉన్నాయి, కాబట్టి రంగు చూసి మాత్రమే తీసిపారెయ్యకు. కేసు కోడ్ పెట్టి వెతికితే పాత సీకో కేటలాగుల స్కాన్‌లు దొరుకుతాయి, దాంట్లో ఆ డయల్ కనపడకపోతే అనుమానించాల్సిందే.

సరదాకి, టైం చూస్కోడానికి, రెండు వేలు పోయినా పర్లేదు అనుకుంటే కొనుక్కో, నేను వద్దన్ను. "1970 వింటేజ్ కలెక్షన్" అనుకుని మాత్రం కొనకు. అదే డబ్బుకి ఎర్రగడ్డ సంతలోనో జుమ్మేరాత్ బజార్లోనో మురికిపట్టిన, గీతలుపడ్డ, ఎవరూ ముట్టుకోని సీకో ఒకటి దొరికే అవకాశం ఉంది. మురికి చూసి మొహం తిప్పుకోకు, మురికిగా ఉందంటే మధ్యలో ఎవడూ చెయ్యి పెట్టలేదని.

ప్రశ్న: నా సీకో 6309 శుక్రవారం రాత్రి తీసి పెడితే ఆదివారం సాయంత్రానికి ఆగిపోతోంది. కీ ఇస్తే ఎక్కట్లేదు. చెడిపోయిందా? (తెనాలి)

జవాబు: చెడిపోలేదండి. 6309, 7009, తర్వాత వచ్చిన 7ఎస్26 వీటికి చేత్తో కీ ఇచ్చే ఏర్పాటే లేదు, చెయ్యి కదిలితే లోపలి బరువు తిరిగి స్ప్రింగ్ చుట్టుకుంటుంది. శుక్రవారం రాత్రి తీసి ఆదివారం దాకా పెట్టుకోకపోతే సాయంత్రానికి ఆగడం వింతేం కాదు. పొద్దున్నే చేతిలో పట్టుకుని పక్కకి ఇరవై ముప్పై సార్లు మెల్లగా ఊపి పెట్టుకోండి. రోజంతా పెట్టుకున్నా రాత్రికే ఆగిపోతుంటే మాత్రం సర్వీసింగ్‌కి ఇవ్వాల్సిందే. ఇంకోటి, రాత్రి తొమ్మిది నుంచి తెల్లారి నాలుగు దాకా తేదీ మార్చకండి, ఆ టైంలో తేదీ మార్చే పళ్ళు తగులుకుని ఉంటాయి, బలవంతం చేస్తే విరుగుతాయి.

ప్రశ్న: నా దగ్గర నాన్నగారి హెచ్ఎంటి జనతా, మేనమామ గారి ఆల్విన్ ఉన్నాయి. ఇవి మన దేశపు వాచీలే కదా, మీ జపాన్ వాచీల లెక్కలోకి వస్తాయా? (హైదరాబాద్ నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు)

జవాబు: మాస్టారూ, నన్నడిగితే రెండూ వస్తాయి, ఈ లెక్కలు కట్టేవాళ్ళలో కొందరు ఒప్పుకోరు గానీ.

బెంగుళూరులో హెచ్ఎంటి వాచీల ఫ్యాక్టరీ 1961లో మొదలైంది జపాన్ సిటిజన్ కంపెనీ సాంకేతిక సహకారంతోనే, మొదట్లో వచ్చిన కొన్ని డయళ్ళ మీద హెచ్ఎంటి పేరు, సిటిజన్ పేరు రెండూ ఉంటాయి, అలాంటివి దొరికితే వదలకండి. మీ జనతా డయల్ మీద పారాషాక్ అని ఉంటుంది చూడండి. అది హెచ్ఎంటి వాళ్ళ మాట కాదు, సిటిజన్ వాళ్ళది. కింద పడ్డా లోపలి బ్యాలెన్స్ ఇరుసు విరక్కుండా కాపాడే ఏర్పాటుకి 1956లో సిటిజన్ పెట్టుకున్న పేరు, జనానికి నమ్మకం కలగాలని హెలికాప్టర్ ఎక్కి వాచీలు కిందకి వదిలి చూపించారు కూడా. సిటిజన్ అన్న పేరు పెట్టింది టోక్యో మేయర్ గోటో షింపే, 1924లో వాళ్ళ మొదటి జేబు గడియారానికి. సామాన్యుడికి అందాలని ఆయన కోరిక. మన ప్రభుత్వ కంపెనీ చివరికి తన వాచీకి జనతా అని పెట్టుకోవడం బాగా కుదిరింది.

ఆల్విన్ సంగతి చాలామందికి గుర్తే లేదు. ఫ్రిజ్‌లు, బీరువాలు, బస్సు బాడీలు చేసిన మన హైదరాబాద్ ఆల్విన్ 1980ల్లో సీకో సహకారంతో వాచీలు చేసింది. మీ మేనమామ గారి దాంట్లో సీకో చదువు ఉంది. ఆల్విన్‌కి గిరాకీ తక్కువ కాబట్టి దానికి దొంగ రీపెయింట్లు కూడా పెద్దగా రాలేదు, అదొక అదృష్టం.

జనతాకి ఆ అదృష్టం లేదు. 2016లో హెచ్ఎంటి వాచీల విభాగం మూసేయాలని కేంద్రం నిర్ణయించాక ఒక్కసారిగా అందరికీ ప్రేమ పుట్టుకొచ్చింది, ఇప్పుడు బజార్లో దొరికే జనతాల్లో గులాబీ, పసుపు, ఎన్ని వేషాలో. తెల్ల డయల్, నల్లటి సన్న ముళ్ళు, కీ ఇచ్చే 17 జువెల్స్ మిషన్, ఇదీ మన నాన్నల తరం పెట్టుకున్న జనతా. మీది అలాంటిదే అయితే రోజూ పొద్దున ఒకే టైంకి కీ ఇస్తూ పెట్టుకోండి, గట్టిపడ్డాక ఇంకో చుట్టు కోసం బలవంతం చెయ్యొద్దు, అంతే.

ప్రశ్న: మేము డల్లాస్‌లో ఉంటాం. ఆఫీసు పని మీద టోక్యో వెళ్తున్నా. ఒక మంచి పాత కింగ్ సీకో కొనాలని ఉంది. ఎక్కడ చూడాలి, ఏం చూస్కోవాలి, 44, 45, 56 అని నంబర్లు చూస్తే తల తిరుగుతోంది.

జవాబు: నకానో స్టేషన్ పక్కనే నకానో బ్రాడ్‌వే అని పాత మాల్ ఉంది, బొమ్మల దుకాణాల మధ్యలో వాచీల దుకాణాలు వరసగా ఉంటాయి. సగం రోజు అక్కడికే కేటాయించుకోండి. అక్కడ ధర కాస్త ఎక్కువే గానీ వాచీ చేతిలో పట్టుకుని చూడొచ్చు, ఆ తేడాకి ఇచ్చే డబ్బు దండగ కాదు.

నంబర్ల సంగతి ఇలా పెట్టుకోండి. అప్పట్లో సీకోకి రెండు ఫ్యాక్టరీలు, నగానో కొండల్లో సువా, టోక్యో కమెయిడోలో డైని. ఒకే కంపెనీ బిడ్డలైనా పోటీపడి చేసేవాళ్ళు. 1960లో సువా గ్రాండ్ సీకో అనే ఖరీదైన రకం తెస్తే 1961లో డైని కింగ్ సీకో తెచ్చింది. చాలా డయళ్ళ మీద ఆరు అంకె పైన ఏ ఫ్యాక్టరీదో చెప్పే చిన్న గుర్తుంటుంది, సువాది సుడిలా తిరిగి ఉంటుంది, డైనిది మెరుపులా ఉంటుంది. 70ల మొదట్లోకి వచ్చేసరికి ఆ గుర్తులు పోయాయి.

44 సిరీస్ అంటే డైనిది, కీ ఇచ్చేది, నిదానంగా గంటకి 18000 సార్లు కొట్టుకుంటుంది, గట్టి మిషన్. మొదటి కింగ్ సీకో కొనేవాళ్ళకి నేను చెప్పేది ఇదే. 45 కూడా డైనిదే, కీ ఇచ్చేదే, కానీ గంటకి 36000, సెకన్ల ముల్లు జారినట్టు పోతుంది, చూడ్డానికి భలే ఉంటుంది. అంత వేగంగా కొట్టుకునేదానికి నూనె సరిగ్గా లేకపోతే అరుగుదల కూడా అంతే వేగంగా ఉంటుంది, విడిభాగాలు దొరకడం కష్టం, కొన్నాక చూసే మెకానిక్ డల్లాస్‌లో ఉన్నాడా అని ముందు కనుక్కోండి. 56 సువాది, ఆటోమేటిక్, పల్చగా బాగుంటుంది, బోలెడు దొరుకుతాయి. కానీ ఒక పుట్టుజబ్బుంది. తేదీ త్వరగా మార్చే ఏర్పాటులో ఒక ప్లాస్టిక్ చక్రం ఉంది, అది ఇన్నేళ్ళకి పగిలిపోతుంది. దుకాణంలోనే కిరీటం లాగి తేదీ మార్చి చూడండి. మారకపోతే లేదా చేతికి వదులుగా తిరుగుతుంటే ఆ చక్రం పోయిందన్నమాట. వాచీ నడుస్తుంది, తేదీ కోసం మాత్రం ముళ్ళు గుండ్రంగా తిప్పుకుంటూ కూర్చోవాలి. ధర బాగా తగ్గిస్తే తీసుకోవచ్చు.

అన్నిటికంటే ముందు చూడాల్సింది కేసు. డిజైనర్ తరో తనాకా సీకో వాచీలకి ఒక పద్ధతి పెట్టాడు, కేసు మీద చదునైన తలాలు, అవి కలిసే చోట కత్తిలాంటి అంచులు, అద్దంలా పాలిష్, వెలుతురు పడితే వాచీ మెరవాలి. 1967లో వచ్చిన 44 గ్రాండ్ సీకోలో అది పూర్తి రూపం తీసుకుంది, కింగ్ సీకోలకీ అదే వచ్చింది. అందుకే ఈ వాచీలకి పాలిష్ కొడితే మిగతావాటికంటే ఎక్కువ నష్టం. బెల్టు తగిలే కొమ్ముల మీద దుకాణం లైటు పడేట్టు అటూ ఇటూ తిప్పండి, వెలుగు గీత ఒక్కసారిగా తెగిపోతే అంచు బతికుంది, మెల్లగా జారి వంపు తిరిగితే ఎవరో గట్టిగా పాలిష్ కొట్టారు. వెనక మూత మీద ఉండే డాలు ఆకారపు బంగారు రంగు మెడల్ కూడా చూడండి, అరిగిపోయిందంటే బాగా వాడిన వాచీ, లేనే లేదంటే ధర తగ్గించమని అడగండి.

ఇంట్లో కూర్చుని జపాన్ వేలం సైట్లలో కొందామనుకుంటే, జంక్ అని రాసి ఉన్నవాటికి గ్యారంటీ ఏం ఉండదు, పనిచేసినా చెయ్యకపోయినా మీ ఖర్మ. ఇండియాకి తెప్పించుకునేవాళ్ళు కస్టమ్స్ డ్యూటీ, మధ్యవర్తి కమీషన్ కలిపాకే చవకో కాదో తేల్చుకోవాలి.

ప్రశ్న: అంతరిక్షంలోకి వెళ్ళిన పసుపు సీకో అంట, ఒకాయన నా దగ్గరుంది ఇస్తా అంటున్నాడు, బాగానే చెప్తున్నాడు ధర. నిజంగా వెళ్ళిందా? (వైజాగ్)

జవాబు: ఆయన దగ్గరున్నది వెళ్ళలేదు లెండి, దాని తోబుట్టువు వెళ్ళింది. 1973 నవంబర్‌లో స్కైలాబ్ 4 లో వెళ్ళి 84 రోజులుండి వచ్చిన అమెరికా వ్యోమగామి విలియం పోగ్ సొంతంగా కొనుక్కున్న పసుపు డయల్ సీకో క్రోనోగ్రాఫ్ (స్టాప్‌వాచ్ కూడా ఉన్న వాచీ) వెంట తీసుకెళ్ళాడు, నాసా ఇచ్చిన వాచీ వేరే ఉంది. అందుకే 6139 మిషన్ ఉన్న 6002, 6005 కేసు వాచీల్ని పోగ్ అంటారు. పేరు పక్కన పెట్టినా మంచి వాచీ అది, 1969లో ప్రపంచంలో మొట్టమొదట వచ్చిన మూడు ఆటోమేటిక్ క్రోనోగ్రాఫుల్లో ఒకటి.

పేరు వచ్చింది కాబట్టి నకిలీ భాగాలూ వచ్చాయి. డయల్, ముళ్ళు, ఎరుపు నీలం బెజెల్ (అద్దం చుట్టూ ఉండే రింగు), లోపలి పసుపు రింగు అన్నీ కొత్తగా తయారుచేసి అమ్ముతున్నారు, కేసు మిషన్ మాత్రం పాతవి. ఒరిజినల్ పసుపు డయల్ని వెలుతురులో తిప్పితే మధ్యలోంచి కిరణాల్లా మెరుపు తిరుగుతుంది, కొత్తవి పసుపు పెయింట్ పూసినట్టు చదునుగా ఉంటాయి. యాభై ఏళ్ళ వాచీకి ముళ్ళ మీద పూత తెల్లగా, డయల్ చుక్కలు గోధుమరంగులో ఉంటే రెండిట్లో ఒకటి తర్వాత వేసిందే. డయల్ మీద నీటి గురించి రాసిన మాట కూడా చూడండి, మొదట్లో వాటర్ ప్రూఫ్ అని వేసేవాళ్ళు, 70ల్లో వాటర్ రెసిస్ట్‌కి మారారు, డయల్ ఒకటి చెప్పి వెనక మూత ఇంకోటి చెప్తుంటే రెండు వాచీలు కలిపినట్టు అనుమానం.

తర్వాత నడిపి చూడండి. దీనికి మామూలు సెకన్ల ముల్లు లేదు, మధ్యలో ఉన్న పొడుగు ముల్లు క్రోనోగ్రాఫ్‌ది, కదలట్లేదని కంగారు పడకండి. పై బటన్ నొక్కితే బయల్దేరాలి, మళ్ళీ నొక్కితే ఆగాలి, కింది బటన్ నొక్కితే ఠక్కున పన్నెండు మీదకి రావాలి, ఒక గీత అటూ ఇటూ అయినా పని ఉన్నట్టే. ఒక అరగంట నడవనిచ్చి ఆరు దగ్గర ఉన్న చిన్న నిమిషాల ముల్లు కూడా కదులుతోందా చూడండి, చాలామంది ఇది చూడరు. కిరీటం తిప్పితే లోపలి రింగు తిరగాలి, నొక్కితే తేదీ మారాలి. ఇవన్నీ సరిగ్గా ఉంటే ఆయన చెప్పిన ధరకి బేరం మొదలెట్టండి. వాచీ చూపించకుండా పోగ్ కథ మాత్రమే చెప్తుంటే టీ తాగి వచ్చేయండి.

ప్రశ్న: నా పాత సీకో డైవర్ మీద 150 మీటర్లు అని ఉంది. ఈతకి వెళ్ళొచ్చా? (కాకినాడ)

జవాబు: వద్దు. ఆ 150 మీటర్లు కొత్తగా ఉన్నప్పటి మాట. రబ్బరు రింగులు గట్టిపడి ఉంటాయి, అవి మార్పించి ప్రెజర్ టెస్ట్ చేయిస్తే తప్ప చేతులు కడుక్కునేటప్పుడు కూడా జాగ్రత్త. లోపలికి ఒక్క చుక్క ఉప్పునీరు పోతే డయల్ పోయినట్టే, సముద్రం పక్కన ఊళ్ళవాళ్ళకి ఇది మరీ ముఖ్యం.

ప్రశ్న: క్వార్ట్జ్ (బ్యాటరీతో నడిచే) వాచీలకి విలువ ఉండదా? మా నాన్న పాత సీకో క్వార్ట్జ్, అన్నయ్య పాత క్యాసియో ఉన్నాయి. (అనంతపురం)

జవాబు: ఉండదని ఎవరన్నారు? ప్రపంచంలో అమ్మకానికొచ్చిన మొదటి క్వార్ట్జ్ చేతి వాచీ సీకో ఆస్ట్రాన్, 1969 డిసెంబర్ 25న, ధర 4,50,000 యెన్లు, అప్పట్లో ఆ డబ్బుకి చిన్న కారొచ్చేది. మీ నాన్నగారిది అది కాకపోవచ్చు గానీ 70ల్లో జపాన్ క్వార్ట్జ్‌లు దిట్టంగా కట్టినవి, జువెల్స్ వేసి, రిపేరు చేసుకునే వీలుతో చేశారు. ఆగిపోయిన వాచీలో బ్యాటరీ ఉంచకండి, కారి సర్క్యూట్ తినేస్తుంది, ఈ రోజే తీయించండి. క్యాసియోలో 1983లో వచ్చిన మొదటి జీ-షాక్, డిడబ్ల్యూ-5000సి, దొరికితే పండగే, వెనక మూత మరతో బిగించేది ఉంటుంది. ఎఫ్-91డబ్ల్యూ అయితే 1989 నుంచి ఇప్పటికీ కొత్తగా అమ్ముతున్నారు, దాన్ని వింటేజ్ అని ఎక్కువ డబ్బు అడిగేవాణ్ణి చూసి నవ్వుకోండి.

ప్రశ్న: మా ఆయన పాత వాచీలు కొని కొని డ్రాయర్ నింపేశాడు. ఒక్కటీ పెట్టుకోడు, అడిగితే పెట్టుబడి అంటాడు. నిజమేనా? (గుంటూరు నుంచి ఒక ఇల్లాలు)

జవాబు: కాదమ్మా. గ్రాండ్ సీకో, మంచి కింగ్ సీకో, 1965లో వచ్చిన మొదటి సీకో డైవర్ లాంటి కొన్నిటి ధరలు పెరిగాయి, నిజమే, మామూలు సీకో 5 లు డ్రాయర్ నిండా ఉంటే మాత్రం పెట్టుబడి అనకూడదు, సరదా అనాలి. ఆయన్ని ఒక్కో వాచీ పక్కన చిన్న కాయితం పెట్టమనండి, మిషన్ నంబరు, కేసు కోడ్, సీరియల్ ప్రకారం ఏ సంవత్సరం, ఎంతకి కొన్నాడు, సర్వీసింగ్‌కి ఎంతైంది అని. డయల్ కోడ్ కనపడనివి, నంబర్లు కలవనివి ఒక పక్కకి తీసి ముందు అవి అమ్మేయమనండి, ఏం మార్చారో ఉన్నదున్నట్టు చెప్పి అమ్మాలి సుమా. మిగిలినవాటితో పాటు డ్రాయర్లో సిలికా జెల్ పొట్లాలు వేయండి, మీ ఊరి ఉక్కకి అవి లేకపోతే తుప్పు పడుతుంది, నెలకోసారి అన్నీ ఓసారి నడిపించమనండి. కొత్తది కొనాలంటే పాతది ఒకటి అమ్మాలి అన్న రూలు మీరే పెట్టండి, మా ఇంట్లో అదే నడుస్తోంది.